వాన వెలిసిన ఆదివారం

తెల్లవారుజామున వాన వెలిశాక ఇక నిద్ర పట్టలేదు. లేవగానే వెళ్లి వాన కొలిచే సీసా చూశాను. 18 మిల్లీమీటర్లు. చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా పైకప్పు 60 చదరపు మీటర్లు. అంటే ఒక్క రాత్రిలో మా ఇంటి మీద వెయ్యి లీటర్లకు పైనే కురిసింది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా నాకు ఆశ్చర్యమే. అన్ని నీళ్లు ఇన్నేళ్లూ గేటు దాటి వీధిలోకి పోయాయి కదా అని బాధ కూడా.

డ్రమ్ములో పట్టేది 500 లీటర్లే. తొలి జల్లు పైకప్పు మీది దుమ్మునంతా తీసుకొస్తుంది కాబట్టి దాన్ని పట్టను. అయినా డ్రమ్ము నిండి పొర్లింది. పొర్లిన నీళ్లు పోయిన నెల తవ్విన ఇంకుడు గుంతలోకి వెళ్లాయా లేదా అన్నదే నా టెన్షన్. వెళ్లాయి! గుంత గోడ మీద సగం ఎత్తున తడి గీత ఉంది, అడుగున మాత్రం నీళ్లు లేవు. నేల తాగేసింది. ఆ గీతను చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

మడిలో సగానికి ఎండుటాకులు పరిచాను, సగం వట్టిగా వదిలేశాను. తేడా కళ్లారా చూడాలని. మధ్యాహ్నం ఎండ ముదిరాక రెండు వైపులా థర్మామీటర్ గుచ్చితే వట్టి నేలలో 39 డిగ్రీలు, ఆకుల కింద 31. వట్టి వైపు అప్పుడే పైన పెచ్చు కట్టింది. ఆకులు తొలగిస్తే కింద మట్టి చల్లగా, గుల్లగా ఉంది, రెండు వానపాములు కూడా కనిపించాయి. వేసవిలో రోజూ నీళ్లు పోసి అలసిపోయేవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఇదే: ఇంకో బకెట్ పోసే ముందు నేల మీద ఏదో ఒకటి కప్పండి.

ఎండ బాగా ఉండగానే మోటారు, వాషింగ్ మెషీన్ వేసేశాను. సోలార్ ప్యానెళ్లు ఇచ్చేటప్పుడే వాడుకుంటే సాయంత్రం అందరూ ఒకేసారి స్విచ్చులు వేసే వేళ కరెంటు లైన్ల మీద మన భారం కొంత తగ్గుతుంది. పైగా వాన వాటి మీది దుమ్ము కూడా కడిగింది.

కంపోస్టు కుప్ప మాత్రం నన్ను ఇబ్బంది పెట్టింది. కుళ్లిన గుడ్ల వాసన. వంటింటి తడి చెత్త ఎక్కువై, గాలి ఆడక అలా అయింది. గాలి లేని చోట కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా వేడి పెంచే వాయువు. మంచి పని అనుకుని పెట్టిన కుప్ప అలా మారడం నాకు నచ్చలేదు. ఒక బకెట్ తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు కలపాలి. నా దగ్గర ఎండువి అయిపోయాయి.

సరిగ్గా అప్పుడే పక్కింట్లో బాబాయిగారు మొన్న ఊడ్చి షెడ్డులో దాచిన ఆకులను బయట పోసి, అగ్గిపెట్టె తెచ్చుకుంటున్నారు.

"కాల్చకండి బాబాయ్, నాకివ్వండి" అన్నాను గోడ మీంచి.

"చెత్తేం చేసుకుంటావమ్మా?"

"మట్టి చేస్తాను."

ఆయన మారు మాట్లాడలేదు. తనే రెండు బస్తాలకెత్తి గోడ మీంచి అందించారు. సగం మడికి, సగం కుప్పకు. పారతో కుప్పంతా తిరగేసి, పొరపొరకీ ఆకులు కలిపేసరికి నడుము పట్టేసింది. వాసన మాత్రం గంటలో తగ్గింది.

రాత్రి ఇనుప చువ్వ గుచ్చి, కాసేపుంచి తీసి పట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది, అంతే. కుప్ప బాగా పనిచేస్తే లోపల 55 డిగ్రీలు దాటాలి. మంగళవారం మళ్లీ గుచ్చి చూడాలి. బాబాయిగారు తనకూ చూపించమన్నారు.