గంటల లెక్క మానేశాకే నాకు డీఎస్సీ వచ్చింది

డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష) సెలక్షన్ లిస్టు వచ్చినప్పటి నుంచి అందరూ అడిగేది ఒక్కటే: "రోజుకు ఎన్ని గంటలు చదివావు?" ఏ పుస్తకాలు, ఏ టెస్ట్ సిరీస్ అని అడిగినవాళ్ళు తక్కువ. చివరి రోజుల్లో ఏడు గంటలు, మహా అయితే ఎనిమిది అంటే ఎవరూ నమ్మడం లేదు. "చెప్పడం ఇష్టం లేకపోతే వద్దులే" అని ఒకామె ఫోన్ కూడా పెట్టేసింది. అందుకే కూర్చుని రాస్తున్నా. నాకు వచ్చింది ఎస్జీటీ, అంటే ప్రాథమిక పాఠశాల టీచర్ పోస్టు, ఉమ్మడి కర్నూలు జిల్లా. 160 బిట్లు (ప్రశ్నలు), 80 మార్కులు, టెట్ అర్హత పరీక్ష వెయిటేజీ 20, ఇవన్నీ ఈ పరీక్ష రాసేవాళ్ళకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

మనం అలసిపోయింది సిలబస్ వల్ల కాదు, ఎదురుచూపుల వల్ల. 2018 తర్వాత ఏళ్ళ తరబడి డీఎస్సీ లేదు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే బట్టలు సర్దుకుని కర్నూలుకు పరిగెత్తాం. అది రద్దయింది. జూన్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఫైలు మీద సంతకం పడింది, మళ్ళీ పరిగెత్తాం. నోటిఫికేషన్ చేతికి వచ్చింది 2025 ఏప్రిల్ 20న. ఈలోగా "వచ్చే నెలలోనే అంట" అనే మాట ఎన్నిసార్లు విన్నామో. విన్న ప్రతిసారీ పరీక్ష రేపే అన్నట్టు చదివాం. ఉద్యోగస్తులకు ఆదివారమైనా ఉంటుంది, మనకు అదీ లేదు.

కర్నూలులో నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర రేకుల గదిలో నలుగురం ఉండేవాళ్ళం. కర్నూలు మే నెల ఎండ గురించి ఇక్కడివాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. ఫ్యాన్ తిరిగితే వేడి గాలి, ఆగితే ఉక్క. ఆ గదిలో మాకు ఇంకో నరకం టెలిగ్రామ్ గ్రూప్. రాత్రి పదకొండు దాటగానే అందరూ టైమర్ స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్ళు. పదమూడు గంటల నలభై నిమిషాలు, పద్నాలుగు గంటల పది నిమిషాలు, కింద నిప్పు బొమ్మలు. అందరికంటే తక్కువ వచ్చిన రోజు అన్నం గొంతు దిగేది కాదు. స్నానానికి పోయినా టైమర్ ఆపని వాళ్ళున్నారు. పేరు చెప్పను గానీ మా గదిలోనే ఒకరు.

నేనూ అందులో టాప్ ఫైవ్‌లో ఉండేదాన్ని. మార్కులు మాత్రం గంటలు పెరిగేకొద్దీ పడిపోతూ వచ్చాయి. ఒక గ్రాండ్ టెస్ట్‌లో (నమూనా పరీక్షలో) సుల్తాన్ అనే చింపాంజీ మీద బిట్ వచ్చింది. నిద్రలో లేపి అడిగినా కోహ్లర్, అంతర్దృష్టి అభ్యసనం (జవాబు ఒక్కసారిగా తట్టి నేర్చుకోవడం) అని చెప్పాల్సిన ప్రశ్న. మూడుసార్లు చదివాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, అర్థం మాత్రం లోపలికి పోవడం లేదు. పోయి పోయి యత్నదోష పద్ధతి చెప్పిన థారన్‌డైక్ మీద క్లిక్ చేశాను. ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైందని ఏడ్చాను. ఉప్పు కోసం ఎవరైనా ఏడుస్తారా?

మా గదిలో ఒక అక్క ఉండేది, 2018లో కొద్దిలో పోస్టు పోగొట్టుకున్న మనిషి. ఆమె నన్ను చాలాసేపు చూసి, "ఏమే, సదువుకుంటాండావా, పుస్తకానికి కాపలా కాస్తాండావా? గంట నుంచి పేజీ తిప్పలేదు. పో, ఊరికి పొయ్యి నిద్రపో" అంది. నాకు కోపం వచ్చింది. పరీక్షలు జూన్ 6 నుంచి మొదలు, ఇప్పుడు ఊరికా? అయినా పొద్దున్నే పత్తికొండ బస్సెక్కాను. పుస్తకాలు సంచిలో పెడుతుంటే అక్క లాక్కుంది.

మాది తుగ్గలి వైపు. పోయిన రోజు అన్నం తిని పడుకుంటే మర్నాడు ఎండ ముఖం మీద పడేదాకా లేవలేదు. అమ్మ లేపలేదు, ఏమీ అడగలేదు. జొన్నరొట్టె, చెనిక్కాయల (వేరుశనగ) ఊరిబిండి పెట్టింది. తర్వాత కాయల మూట ముందు కూర్చోబెట్టింది. విత్తనం కాయలు కాబట్టి మా ఇంట్లో మిషన్‌కు వెయ్యరు, గింజ పగిలితే మొలవదని చేత్తోనే ఒలుస్తారు. కాయ ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కితే టప్‌మని విచ్చుకుంటుంది. ఎర్రపొర చెదరకుండా గింజ తీయాలి. కాసేపటికి వేళ్ళ చివర్లు మండుతాయి గానీ తల మాత్రం తేలికవుతుంది.

అలా ఒలుస్తుంటే సైకాలజీలో మరుపు పాఠంలోని పురోగమన అవరోధం, తిరోగమన అవరోధం దానంతట అదే విడిపోయింది. పాతది కొత్తదానికి అడ్డం వస్తే పురోగమన, కొత్తది వచ్చి పాతదాన్ని మరిపిస్తే తిరోగమన. నెలల తరబడి తారుమారు చేసుకున్న బిట్ అది. పుస్తకం ఎక్కడో కర్నూలు గదిలో ఉంది.

అప్పుడు మళ్ళీ సుల్తాన్ గుర్తొచ్చాడు. మనం కోహ్లర్, సుల్తాన్, రెండు కర్రలు, అరటిపండు అని జవాబు గుర్తుపెట్టుకుని కథ వదిలేస్తాం. సుల్తాన్ గంటకు పైగా పెనుగులాడినా పండు అందలేదు. ఆ ప్రయత్నం వదిలేసి పెట్టె మీద కూర్చుని, ఊరికే కర్రలతో ఆడుకుంటున్నప్పుడు ఒకటి ఇంకోదాంట్లోకి దూరింది. అప్పుడు పరిగెత్తి పండు లాక్కున్నాడు.

సైకాలజీ పేపర్ అంతా ఇదే చెబుతుంది. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ సైకాలజిస్టు 1885లో తన మీద తానే అర్థరహిత పదాలతో ప్రయోగం చేసి, నేర్చుకున్నదాంట్లో ఒక్క రోజుకే సుమారు 66 శాతం పోతుందని తేల్చాడు. మధ్యలో విరామం ఇస్తూ నేర్చుకుంటేనే ఎక్కువ నిలుస్తుందని కూడా ఆయనే చెప్పాడు. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే సైకాలజిస్టులు ఇద్దరు విద్యార్థులకు ఇలాంటి పదాలే నేర్పించి, ఒకసారి నిద్రపోనిచ్చారు, ఒకసారి మేలుకోబెట్టారు. ఎనిమిది గంటల తర్వాత అడిగితే, నిద్రపోయినప్పుడు సగానికి పైగా గుర్తున్నాయి, మేలుకున్నప్పుడు పదోవంతు. సైకాలజీకి 8 మార్కులు, 16 బిట్లు. విరామ పద్ధతి మేలని టిక్ పెట్టి, ఆ బిట్ చదవడానికి తెల్లవార్లూ మేలుకునే జాతి మనది!

తిరిగి వచ్చాక టైమర్ తీసేశాను, గ్రూప్ మ్యూట్‌లో పెట్టాను. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాల్సిందే. మధ్యాహ్నం రేకులు కాగే వేళ చదివినా ఎక్కదు కాబట్టి పడుకునేదాన్ని. పొద్దుటి పూట కొత్తది, సాయంత్రం పాతదాని రివిజన్. ఆదివారం మధ్యాహ్నం నుంచి పుస్తకం ముట్టలేదు. గదిలో ఉన్నవాళ్ళతో కలిసి కొండారెడ్డి బురుజు వైపు నడిచి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని వచ్చేవాళ్ళం. మొదట్లో బజ్జీ తింటుంటే కూడా ఏదో నేరం చేస్తున్నట్టే ఉండేది. ఆ బెదురు పోవడానికే ఎక్కువ రోజులు పట్టింది. కంటెంట్, మెథడాలజీ (బోధనా పద్ధతులు) సంగతి అందరూ చెప్పేదే, పాఠ్యపుస్తకాలు తప్ప గతి లేదు.

ఇది చదివి "మేడమ్ చెప్పింది, రెస్ట్ తీసుకుంటున్నా" అని మంచం మీద పడుకుని రీల్స్ చూసేవాళ్ళకు ఒక మాట. అది రెస్ట్ కాదు. రీల్స్ చూసి లేచిన తర్వాత తల ఎలా ఉంటుందో మీకే తెలుసు. చదివే గంటకు ఎంత పట్టుదల ఉండాలో పడుకునే గంటకూ అంతే ఉండాలి. చెప్పిన వేళకు పుస్తకం మూయలేనివాళ్ళు చెప్పిన వేళకు తెరవనూ లేరు.

"కర్నూలుకు పోస్టులు ఎక్కువ, అందుకే వచ్చింది" అని మా బంధువు ఒకాయన అన్నాడు. పోస్టులు ఎక్కువే, కాదనను. పోటీకి వచ్చినవాళ్ళు తక్కువా? లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే సంచులు పెట్టి పోయిన మనుషులంతా ఎవరు? వాళ్ళలో నాకంటే తెలివైనవాళ్ళు, నాకంటే రెట్టింపు గంటలు చదివినవాళ్ళు ఉన్నారు. జ్వరంతో పరీక్ష రాసిన పిల్ల కూడా ఉంది. వాళ్ళను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు.

పిల్లలున్న అక్కలు అడుగుతున్నారు, మాకు ఆదివారం సగం పూట ఎవరిస్తారని. మా గదిలో అక్కకు ఇద్దరు పిల్లలు, అమ్మగారింట్లో వదిలి వచ్చింది. శనివారం రాత్రి బస్సెక్కి పోయి సోమవారం పొద్దున్నే దిగేది, పుస్తకం తీసుకుపోయేది కాదు. ఆమెకూ ఇప్పుడు స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) పోస్టు వచ్చింది, సోషల్. ఇంట్లోనే ఉండి చదివేవాళ్ళు ముందు అత్తగారితోనో ఆయనతోనో మాట్లాడి రోజులో ఒక గంట ఖాయం చేసుకోండి. ఆ గంటలో చదవకండి, పడుకోండి.

సైకాలజీ నోట్స్ అడిగినవాళ్ళకు: అక్క దగ్గరే ఉంది, నంద్యాల చెక్‌పోస్ట్ సెంటర్లో జిరాక్స్ తీయిస్తానంది. అవరోధాల పేజీ మాత్రం కొట్టివేతలతో నిండి ఉంటుంది, చివర్లో పెన్సిల్‌తో రాసిందే సరైనది.