మొక్కు ఎవరిదమ్మా?

డీఎస్సీలో ఉద్యోగం వస్తే అన్నవరం వెళ్లి వ్రతం చేసుకుంటానని సత్యదేవుడికి మొక్కుకున్నాను. వచ్చింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే అందులో ఒకటి నాది, సెకండరీ గ్రేడ్ టీచర్. బడిలో చేరి నాలుగు రోజులు కాకుండానే కార్తీకం వచ్చేసింది. స్వామి మొక్కు వాయిదా వేయకూడదని అమ్మ పట్టుబట్టింది. ఇంట్లో అందరికీ సంతోషమే. మా పెదనాన్న ఒక్కడే, "ఉద్యోగం సరే, నెలకి ఆరు వేల పింఛను ఆగిపోతుంది కదే" అని తెగ బాధపడ్డాడు.

నాకు చిన్నప్పుడే రెండు కాళ్లకూ పోలియో. బడికి కాళ్లకు ఊతంగా కడ్డీల కాలిపర్లు వేసుకుని చంకకర్రలతో వెళ్తాను. ఆ కాలిపర్లు బూట్లకు బిగించి ఉంటాయి. గుళ్లోకి బూట్లు కుదరవు, బూట్లు విప్పితే కాలిపర్లూ పోతాయి, అవి లేకపోతే నేను నిలబడలేను. అందుకే ఏ గుడికి వెళ్లాలన్నా దేవుడికంటే ముందు నాకు ఈ టెన్షన్ గుర్తొస్తుంది. ఈసారి వాటిని కారులోనే వదిలేసి చక్రాల కుర్చీలో బయల్దేరాను. అన్నయ్య తోస్తున్నాడు, వదిన పూజ సామాన్ల సంచి పట్టుకుంది.

కొబ్బరికాయల కొట్టు దగ్గర ఒకావిడ నన్ను చూసి అన్నయ్యని అడిగింది: "కాళ్లు రావాలని మొక్కుకున్నారా బాబూ?"

"కాదండీ, ఉద్యోగం వచ్చింది."

"మంచిది. నీకా బాబూ?"

అన్నయ్య నవ్వాపుకోలేక కుర్చీని పక్కకి తిప్పేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో డాక్టరు దగ్గర్నుంచి పెళ్లిలో బంధువుల దాకా, నా సంగతి అడగాల్సివస్తే నా వెనకున్నవాళ్లనే అడుగుతారు.

జనం మాటేం చెప్పను! కార్తీకంలో కొండమీద ఇసకేస్తే రాలదని తెలిసే వెళ్లాం కానీ ఇంత అనుకోలేదు. వ్రత మండపం నిండా పీటలు, కలశాలు, పిల్లల ఏడుపులు, పెద్దవాళ్ల కేకలు. ఎవరి తమలపాకులు ఎవరి పీట మీదున్నాయో తెలియదు. ఇంట్లో అనుకున్న ప్రకారం పీట ముందు అన్నయ్యా వదినా కూర్చుంటారు, నేను పక్కన కుర్చీలో ఉండి అక్షింతలు వేస్తాను. పురోహితులుగారు వరసలు సర్దుకుంటూ మా దగ్గరికొచ్చి, "మొక్కు ఎవరిదమ్మా?" అన్నారు.

ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. "నాదేనండీ" అన్నాను.

"మరి మీరు పైన కూర్చుంటే ఎలాగమ్మా? పీట దగ్గరికి రండి. మీ అన్నగారూ వదినగారూ చెరో పక్కన కూర్చుంటారు. గోత్రం చెప్పండి. మీ పేరు?"

అన్నయ్యని కాదు, నన్నే అడిగారు. సంకల్పంలో నా పేరు చదివారు. నేను కుర్చీలోంచి దిగి నేలమీద కూర్చున్నాను. తలెత్తి చూస్తే మండపంలో ఉన్నవాళ్లంతా నేలమీదే! జరీ చీరల వాళ్లూ, మోకాళ్ల నొప్పులతో మూలుగుతున్న పెద్దాయనా, అందరూ నా ఎత్తులోనే ఉన్నారు. కలశానికి పువ్వు పెట్టాలన్నా తులసిదళం వేయాలన్నా నా చెయ్యి సరిగ్గా అందింది. మైకులో అయిదు కథలూ సాగుతుంటే పక్క పీట ఆవిడ వత్తులు నా దీపంలోకి, నా పసుపు ఆవిడ పళ్లెంలోకి మారుతూనే ఉన్నాయి. పలాస నుంచి వచ్చారట. తుంగధ్వజుడు గొల్లల ప్రసాదం కాదని వెళ్లిపోయే చోట "వీడికి ఇలా కావలసిందే" అని నాకు వినపడేలా అంది.

కళావతి కథ విన్నాక ప్రసాదం ముట్టకుండా లేచే ధైర్యం ఎవరికుంటుంది? అందరం కాస్త కాస్త నోట్లో వేసుకుని దర్శనానికి కదిలాం.

అసలు కష్టం అక్కడే. గుడి రెండంతస్తులు. కింద పూజలందుకునే స్వామివారి యంత్రం, పైన స్వామి. నేను మెట్లెక్కే పద్ధతి ఒకటే: మెట్టుమీద కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి, ఒంటిని పై మెట్టుమీదికి లాక్కుంటాను. ఇంట్లో ఎవరికీ తొందరుండదు కాబట్టి అలవాటే. కార్తీకం క్యూలో మాత్రం వెనకవాళ్ల మోకాళ్లు నా మొహానికి తగులుతుంటాయి. "ఎత్తుకెళ్లండయ్యా, జరగండి" అని ఎవరో అరిచారు, ఇంకెవరో అడక్కుండానే నా చంకల కింద చేతులు పెట్టారు. అలా లాగితే నా భుజం పట్టేస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో మాకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది, జనం వచ్చే భవనాల్లో మేమూ తిరిగేలా ఉండాలంది. క్యూలో మోచేతులకు మాత్రం ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఓలమ్మా, తొయ్యకండర్రా!" పలాస ఆవిడే. నాకు రెండు మెట్ల కింద నిలబడి, రెండు చేతులూ చాచి, ఒక చెయ్యి కడ్డీకీ ఒక చెయ్యి గోడకీ ఆనించేసింది. "ఆ అమ్మాయి ఎక్కుతోంది, కనపడతలేదా?" నన్ను పట్టుకోలేదు, అయ్యో పాపం అనలేదు. ఆవిడ వెనకంతా సణుగుతూనే ఉన్నారు, కానీ ఆగారు. నేను అరచేతులు దులుపుకుంటూ, మధ్యలో ఊపిరి తీసుకుంటూ, నా తీరున నేను ఎక్కాను.

పైన మళ్లీ జనమే. నేలమీద కూర్చున్న మనిషికి ముందు దొరికేది చీర కుచ్చిళ్ల దర్శనం, పంచె అంచుల దర్శనం. గోవిందా గోవిందా అంటున్నాను కానీ లోపల ఏడుపొస్తోంది. ఇంతా చేసి స్వామిని చూడకుండా దిగిపోతానా అని. అప్పుడు నా ముందున్నాయన సాష్టాంగపడ్డాడు. ఆయన వీపు మీదుగా మీసాల సత్యదేవుడు కనిపించాడు. ఆ హారతి వెలుగులో నన్నే చూస్తున్నట్టున్నాడు. చేతులెత్తి దణ్ణం పెట్టాను, అడగడానికి ఏమీ గుర్తు రాలేదు. అమ్మవారినీ చూశాను. అటు పక్కనున్న శివయ్య వైపు చూపు తిప్పేలోగా సాష్టాంగపడ్డాయన లేచి నిలబడ్డాడు. "జరగండి, జరగండి" అంటూ మమ్మల్ని కదిలించారు.

దిగడం ఎక్కినంత కష్టం కాదు. కిందికొచ్చి అరుగు మీద కూర్చుని ప్రసాదం పొట్లం విప్పాం. ఆ గోధుమరవ్వ ప్రసాదానికి నెయ్యి వాసన ఎంతో, అడ్డాకు వాసన అంత. పలాస ఆవిడ వచ్చి నా పక్కనే చతికిలబడింది. మెట్ల మాట ఎత్తలేదు.

"టీచరంట కదమ్మా? మా చిన్నది డీఎస్సీకే చదువుతోంది, సైకాలజీ బుర్రకెక్కడం లేదని ఏడుస్తోంది. నువ్వు ఏ పుస్తకాలు చదివావు?"

తెలుగు అకాడమీ పుస్తకాలు, మూడు నుంచి పదో తరగతి దాకా బడి పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ చెప్పాను. గైడ్లు కొనొద్దన్నాను. ఆవిడ ఫోన్ తీసి కూతురికి కలిపి, "ఇదిగో, మేడంతో మాట్లాడు" అని నా చేతికిచ్చింది. అవతల అన్నయ్య కారు వెయిటింగ్ చార్జి అని గోల పెడుతున్నాడు. ఇక్కడ ఆ పిల్ల, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పే పియాజే దశల దగ్గరే ఆగిపోయింది, అది తేలేదాకా నేను కదల్లేదు.