రాత్రి రెండున్నర కూత

మళ్ళీ రెండున్నరకే మెలకువొచ్చేసింది. బొల్లారంలో రైల్వే గేటు పక్కన ఇల్లు తీసుకున్నప్పుడు అద్దె తక్కువని మురిసిపోయాం గానీ ఎందుకు తక్కువో మొదటి రాత్రే అర్థమైంది, దుప్పటి ముసుగేసుకున్నా ఆ హారన్ సరిగ్గా చెవిలోనే మోగుతుంది. గేటు ఎలాగూ వేసుంటది కదా, ఊరంతా పడుకుంటే ఎవరికోసం ఈ గోల అని తిట్టుకుంటూ దొర్లా.

పొద్దున బాబాయ్‌కి ఫోన్ చేసి ఇదే చెప్పుకుని ఏడ్చా, లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాడు కదా, తెగ నవ్వాడు. "పట్టాల పక్కన పసుపు బోర్డు చూశావా, డబ్ల్యు/ఎల్ అని ఉంటది, హిందీలో సీ/ఫా, ముందు గేటుంది కూత కొట్టమని. అక్కణ్ణుంచి గేటు దాటేదాకా కొట్టాల్సిందేరా, పగలా రాత్రా అని చూడం" అన్నాడు. బోర్డు గేటుకి 600 మీటర్ల ముందు ఉంటదంట. లెక్కేశా, 100 స్పీడులో వస్తే 22 సెకన్లు కూడా లేదు. మనిషిని చూసి బ్రేకేసినా బండి అంతలో ఆగదు, ఇంక హారనే దిక్కు.

సాయంత్రం పాలకని వెళ్తే గేటు పడింది. ఎమ్మెమ్టీఎస్ లోకల్ రైలు పోయిందో లేదో ఒక కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, గేటు కింద నుంచి బైక్ వంచి దూరాడు. రెండో లైన్లో మేడ్చల్ వైపు నుంచి ఇంకోటి వస్తోంది, దాని కూత పోయే బండి చప్పుడులో సగం కలిసిపోయింది, గేట్‌మేన్ అరుస్తున్నాడు, వీడికి ఏదీ వినబడట్లా. మల్లెపూలమ్మే ఆమె బ్యాగ్ పట్టుకుని వెనక్కి లాగింది. తర్వాత ఆమె తిట్టిన తిట్లు మాత్రం హారన్ కన్నా గట్టిగానే వినబడ్డాయి, ఈసారి ఇయర్‌ఫోన్స్ తీసి మరీ విన్నాడు.

ఇదే లైన్లో మేడ్చల్ దాటి పోతే మాసాయిపేట. 2014 జులై 24న స్కూల్ బస్సుని రైలు గుద్దింది అక్కడే, గేటూ లేదు కాపలా మనిషీ లేడు. బ్రాడ్ గేజ్‌లో, అంటే వెడల్పు పట్టాల లైన్లలో, అట్లాంటి క్రాసింగ్‌లు మొత్తం తీసేసేసరికి 2019 జనవరి వచ్చింది. ఆ పిల్లలు గుర్తొస్తే పాల ప్యాకెట్ పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడిపోయా.

ఇప్పుడు పదకొండు దాటింది. దూరంగా కూత మొదలైంది, ఊరికే లెక్కపెట్టా, గేటు దాటేసరికి 34 సెకన్లు. అంటే 60 పైన పోతున్నాడు.