సున్నా మైలురాయి

నేను అట్లాంటాలో ఉద్యోగంలో చేరిన వారమే నాన్న ఫోనులో అడిగారు: “ఆ ఊరు అక్కడే ఎందుకు వెలిసిందిరా? సముద్రముందా, పెద్ద నది ఉందా?” డోర్నకల్ జంక్షన్‌లో పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్లను ఆయన పట్టాల మీదుగానే చూస్తారు. సముద్రం ఇక్కడికి కారులో నాలుగు గంటల దూరం. చట్టహూచీ నది ఉంది కానీ ఓడలు నడిచేది కాదు. నాకు జవాబు తెలియలేదు.

ఆ రోజుల్లో నాకు దారులే సరిగా తెలియవు. ఇంటర్వ్యూ రోజున పీచ్‌ట్రీ స్ట్రీట్‌లో చెమటలు కక్కుతూ నిలబడ్డాను. ఆఫీసేమో వెస్ట్ పీచ్‌ట్రీ స్ట్రీట్‌లో ఉంది. ఈ నగరంలో ఎటు తిరిగినా ఒక పీచ్‌ట్రీ ఎదురవుతుంది, పీచ్ చెట్టు మాత్రం కనిపించదు.

జవాబు తర్వాత దొరికింది. ఈ ఊరిని కన్నది రైలే. చటనూగా వైపు ప్రభుత్వం వేయదలచిన వెస్టర్న్ అండ్ అట్లాంటిక్ లైను మొదలయ్యే చోట 1837లో సర్వేవాళ్లు ఒక గుంజ పాతారు. అక్కడ చేరిన కొద్దిపాటి జనావాసానికి టెర్మినస్ అని పేరు. “లైను మొదలయ్యే చోటికి చివరి స్టేషనని పేరా!” అని నాన్న నవ్వారు.

1843లో అది మార్తాస్‌విల్ అయింది. మాజీ గవర్నర్ విల్సన్ లంప్‌కిన్ కూతురు మార్తాకు అప్పటికి పదహారేళ్లు. చెరోకీ ఆదివాసులను జార్జియా రాష్ట్రం నుంచి తరలించాలని పట్టుబట్టినవాళ్లలో ఆ తండ్రి ముఖ్యుడు. 1838లో వాళ్లను తరిమేశారు, అయిదేళ్లకు ఆయన బిడ్డ పేరు ఈ ఊరికి పెట్టారు. ఇక్కడి రైలు ‘మార్టా’ ఆమె పేరే అనుకుని నేను చాలాకాలం తిరిగాను. అది రవాణా సంస్థ పేరులోని పొడి అక్షరాలట.

ఆ పేరూ నిలవలేదు. జార్జియా రైల్‌రోడ్ ఇంజనీరు ఎడ్గార్ థామ్సన్ 1845లో ‘అట్లాంటిక్’ను కాస్త తిప్పి అట్లాంటా అన్నాడు. 1847లో చట్టం అదే పేరును ఖాయం చేసింది. మార్తా మధ్య పేరు అటలాంటా అనీ, దాన్నుంచే ఊరి పేరు వచ్చిందనీ ఇంకో కథ ఉంది. నాకు ఇంజనీరు కథే నమ్మబుద్ధవుతుంది.

నాన్నను బాధపెట్టింది మాత్రం 1864 సంగతి. అంతర్యుద్ధంలో ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం పట్టాల కింది చెక్క స్లీపర్లను పేర్చి నిప్పంటించి, వాటిమీద పట్టాలను ఎర్రగా కాల్చి, చెట్ల మొదళ్లకు చుట్టి మెలిపెట్టింది. మళ్లీ వాడుకోలేకుండా. వాటిని ‘షెర్మన్ నెక్‌టైలు’ అనేవారు. “ఇళ్లు తగలబెట్టారంటే యుద్ధమనుకోవచ్చు, పట్టాలేం చేశాయిరా?” అన్నారాయన. చాలాసేపు మాట్లాడలేదు. అయినా ఊరు మళ్లీ లేచింది, ఆ రైళ్ల పుణ్యాన్నే.

మొన్న ఆయనకు సున్నా మైలురాయి ఫొటో పంపాను. ఆ లైను మైళ్ల లెక్క మొదలయ్యే చోట పాతిన, 1850 ప్రాంతపు రాతి స్తంభం అది. ఆఫీసు నుంచి నడిచి వెళ్లగలిగే చోట, ఒక వంతెన కింద ఉండేది. 2018లో దాన్ని పెకలించి బక్‌హెడ్‌లోని చరిత్ర కేంద్రానికి తరలించారు. నేను చూసింది అక్కడే, ఆదివారం పూట, టికెట్టు కొని.

నాన్న ఫొటోను పెద్దది చేసుకుని చూసినట్లున్నారు. పావుగంటకు ఫోన్ చేశారు.

“రాయిని కదిలిస్తే సున్నా ఎక్కడున్నట్లురా?”