రిపోర్టులో 44

పోయిన నెల పాప రిపోర్టులో 44 అని చూడగానే నేను చేసిన మొదటి పని, తనను గదిలోకి పిలిచి తలుపు వేయడం. "నిజం చెప్పు, బయట ఏం తిన్నావ్?" అని అడిగాను. ఏడేళ్ల పిల్ల. "ఏమీ తినలేదమ్మా" అంది. మళ్లీ అడిగాను. మూడోసారికి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

పాపకు సీలియాక్ అని, అంటే గోధుమలాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బని తెలిసి ఏడాదిన్నర. అప్పుడు ఈ జబ్బుకు చేసే రక్తపరీక్ష, టీటీజీ ఐజీఏ, 200 దాటింది. మా ల్యాబ్ లెక్కలో 20 లోపుంటే నార్మల్. పది రెట్లు దాటింది కాబట్టి మళ్లీ రక్తం తీసి, ఈ జబ్బునే ఖాయం చేసుకోవడానికి ఎండోమైసియల్ యాంటీబాడీ అనే ఇంకో పరీక్ష చూశారు. అదీ పాజిటివే. దాంతో పేగు ముక్క తీసి చూసే బయాప్సీ అవసరం లేదన్నారు. ఇంకా అనుమానం దగ్గరే ఉన్న తల్లిదండ్రులకు ఒక్క మాట: పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మాన్పించకండి. ముందే మాన్పిస్తే యాంటీబాడీలు తగ్గిపోయి జబ్బు బయటపడకపోవచ్చు. రక్తంలో మొత్తం ఐజీఏ (ఒక రకం యాంటీబాడీ) ఎంతుందో కూడా చూడమనండి. కొందరు పిల్లల్లో అదే తక్కువగా ఉంటుంది, అప్పుడు జబ్బున్నా టీటీజీ ఐజీఏ నార్మల్‌గా వస్తుంది.

తిండి మార్చిన ఆరు నెలలకు 96. ఏడాదికి 31. ఇక 20 లోపుకు వచ్చేస్తుందని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్న టైమ్‌లో ఈ 44.

డాక్టర్‌గారు రిపోర్టు చూసి, ముందు పిల్లను తిట్టారా అని అడిగారు. నేను తల దించుకున్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. పేగులో గ్లూటెన్‌ను మార్చే ఒక ఎంజైమ్ ఉంటుంది. ఈ జబ్బున్న పిల్లల శరీరం గ్లూటెన్‌తో పాటు సొంత ఎంజైమ్ మీద కూడా యాంటీబాడీలు తయారు చేస్తుంది. టీటీజీ పరీక్షలో కొలిచేది వాటినే. గ్లూటెన్ ఆపితే అవి నెలల తరబడి మెల్లగా దిగుతాయి. మొదట్లో బాగా ఎక్కువున్న పిల్లలకు రెండేళ్లు, ఇంకా పైన కూడా పట్టొచ్చు. "ఆదివారం ఏం తిందో ఈ నంబరు చెప్పదమ్మా" అన్నారు. నార్మల్ వచ్చినంత మాత్రాన గ్లూటెన్ అసలు వెళ్లలేదనీ కాదట, అప్పుడప్పుడూ కొంచెం వెళ్తే ఇందులో కనిపించకపోవచ్చు. మూత్రంలో, మలంలో గ్లూటెన్ ముక్కల్ని పట్టే పరీక్షలున్నాయి కానీ, అవి చెప్పేది ఈమధ్య కొద్ది రోజుల సంగతే.

"దిగుతున్నది మళ్లీ పెరిగిందంటే, రోజూ ఏదో కొంచెం వెళ్తున్నట్టుంది. ఇంట్లో వెతకండి" అన్నారు. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు వెళ్లినా పేగు పొర దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలిందట. ఒక బ్రెడ్ ముక్కలో రెండు గ్రాముల దాకా గ్లూటెన్ ఉంటుంది. అందులో నలభయ్యో వంతు!

ఇంటికి రాగానే అల్మరా మొత్తం కింద పెట్టాను. సాస్ సీసాలు, మసాలా పొట్లాలు, పాప మందుల డబ్బాలు కూడా. చివరికి కార్న్‌ఫ్లేక్స్ డబ్బా. మొక్కజొన్నే కదా అని నాలుగు నెలలుగా రోజూ పొద్దున పెడుతున్నాను. పక్కన సన్న అక్షరాల్లో, పంచదార, ఉప్పు తర్వాత, బార్లీ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్. బార్లీలోనూ గ్లూటెన్ ఉంటుందని నాకు తెలియక కాదు. గోధుమ అనే మాట కోసమే వెతకడం అలవాటై, మాల్ట్ మీద నా కన్ను ఆగలేదు.

డబ్బా పట్టుకుని పాప దగ్గర కూర్చున్నాను. "నువ్వు చెప్పింది నిజమే నాన్నా. తప్పు నాది" అన్నాను. తను డబ్బా తీసుకుని, ఆ లైన్ మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత, "కానీ ఇది కావాలని అడిగింది నేనే కదమ్మా" అంది. మళ్లీ తప్పు తన మీదే వేసుకుంటోంది. దగ్గరకు తీసుకుని, "కొన్నది నేను, చదవాల్సింది నేను" అని ఎన్నిసార్లు చెప్పానో.

మళ్లీ పరీక్షకు ఇంకా రెండు నెలలుంది. ల్యాబ్ మారితే కిట్ మారుతుంది, నంబర్లు పోల్చలేం కాబట్టి అదే ల్యాబ్‌కు వెళ్తాం. అప్పటికి 20 లోపుకు రాకపోవచ్చు కూడా. ఎంత వచ్చినా హాల్లో అందరి ముందూ కూర్చుని ఇద్దరం కలిసే రిపోర్టు తెరుస్తామని పాపకు మాటిచ్చాను.