రేటు లేని మిర్చి నవల

నా అభిమాన రచయిత్రి మిర్చి రైతు మీద నవల రాశారని తెలిసిన రోజు ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో పుస్తకం దొరకగానే కొన్నాను. చదవడం పూర్తయ్యాక మాత్రం మనసు చివుక్కుమంది. ఆవిడ పేరు ఇక్కడ రాయను, రాయడం నాకిష్టం లేదు. ఆవిడ కథలు చదివే నేను పెద్దదాన్నయ్యాను.

కిరోసిన్ క్యూ మీద ఆవిడ పాత కథ ఒకటుంది. అందులో ఒకామె డబ్బా మూత వదులైతే చీర చెరగు చింపి చుట్టి బిగిస్తుంది, తర్వాత ఆ చేయి వాసన చూసుకుంటుంది. ఇల్లు, మొగుడు, అప్పు, అన్నీ ఆ చేతిలోనే కనపడతాయి. అలా చూడగలిగిన మనిషి మేం మిర్చి ఆరబోసే కల్లంలోకి వస్తే ఎంత రాస్తారో అని ఆశపడ్డాను.

నవల 2021లో మొదలవుతుంది. నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది. పూతలో చేరి రసం పీల్చేసేది, పూత రాలిపోయేది. మందు మీద మందు కొట్టారు, చేలల్లో నీలం రంగు జిగురు అట్టలు కట్టారు. సత్తెనపల్లి వైపు మా నాన్న చేను పక్కవాళ్లు మొక్కలు పీకేశారు. నవలలో ఇవేవీ లేవు. "పురుగు పంటను మింగేసింది" అని ఒక్క వాక్యం, ఆ తర్వాత పేజీలకు పేజీలు రైతు ఏడుపు.

ఏడవలేదని కాదు. కానీ మావాళ్లు ఏడుస్తూనే లెక్కలు వేసుకుంటారు. ఆ ఏడాది దిగుబడి పడిపోయింది కాబట్టి 2022లో రేటు ఎగబాకింది, తేజ రకం మిర్చి క్వింటాలు 20,000 రూపాయలు దాటింది. నాలుగు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మిగిలినవాడు ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అని నిద్రపోలేదు. మొక్క పీకేసినవాడు రోజూ ఆ రేటు వింటూ కూర్చున్నాడు. రాయాల్సిన నవలంతా అక్కడే ఉంది కదా! ఆవిడ ఆ పక్కకే పోలేదు.

మిర్చి అమ్మే మార్కెట్ యార్డు అధ్యాయం నాన్నకి చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నారు. అంతా అయ్యాక, "ఇంతకీ ఎంతకి అమ్మాడమ్మా?" అన్నారు. మళ్లీ వెతికాను. రేటు ఎక్కడా లేదు. కొనేవాడు టిక్కీ విప్పించి, గుప్పెడు కాయ తీసి, విరిచి, తేమ చూసి, తాలు, అంటే తెల్లబారిన కాయ, ఎంతుందో చూసి వేలం పాట పాడటం అందులో లేదు. కమీషన్ ఏజెంటు మీసం తిప్పే దుర్మార్గుడు. మాకు తెలిసిన ఏజెంటు పెట్టుబడికి అప్పిస్తాడు, కాయ వచ్చాక వడ్డీతో పట్టుకుంటాడు, మధ్యలో పిల్ల పెళ్లికి వచ్చి పట్టుచీర పెడతాడు. అతన్ని తిట్టుకోవడం ఎంత కష్టమో రాయగలిగేది ఆవిడ ఒక్కరే అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఆడవాళ్లు లేకపోవడం. కల్లంలో ఎర్రటి కాయ ముందు కూర్చుని తాలు ఏరేది వాళ్లే. ఎండలో, ముక్కుకి గుడ్డ కట్టుకుని, దగ్గుతూ. తెల్లబారిన కాయని చెయ్యి చూడకుండానే పక్కకి విసిరేస్తుంది. ఆ తాలుకి వేరే రేటు, చాలా తక్కువ. సాయంత్రం చేతులకి కొబ్బరినూనె రాసుకున్నా మంట పోదు. నా చిన్నప్పుడు అమ్మ రాత్రిళ్లు నాకు అన్నం చేత్తో కలిపిపెట్టేది కాదు, గరిటెతో కలిపి స్పూనుతో పెట్టేది. కిరోసిన్ చేయి చూసిన ఆవిడకి ఈ చేయి ఎలా కనపడకుండా పోయింది?

పుస్తకంలో బాగున్నది లేకపోలేదు. రాత్రి మంచు పడుతుందని తండ్రీకొడుకులు పరుగెత్తి కాయ మీద పట్టాలు కప్పే మూడు పేజీలు ఉన్నాయి. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోరు. అవి చదివి నాన్న తలూపారు.

ప్రచురణకర్తల చిరునామాకి ఆవిడకి ఉత్తరం రాశాను. ఇక్కడ రాసిందంతా అందులో రాశాను, ఆ మూడు పేజీల సంగతి కూడా. మార్చిలో కల్లాల మీద కాయ ఉంటుంది, మా ఊరు రమ్మన్నాను. తాలు ఏరేవాళ్ల పక్కన కూర్చోవడానికి గోనెపట్టా అమ్మ వేస్తానంది.