ఒక సీటు వేస్ట్ అన్నారు

ఎంబీబీఎస్ సెకండియర్‌లో నాకు డిప్రెషన్ వచ్చింది. ఇప్పుడు బాగున్నాను కాబట్టి రాయగలుగుతున్నాను.

ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి. పాథాలజీ పుస్తకం ముందు గంటలకొద్దీ కూర్చున్నా ఒక్క పేరా బుర్రకెక్కేది కాదు. తలస్నానం చేయడం కూడా కొండంత పనైపోయింది. మా హాస్పిటల్లోనే సైకియాట్రీ ఓపీ ఉంది. కానీ అక్కడ కేస్ షీట్ రాసేది మా సీనియర్లు, పోస్టింగ్‌లో పక్కన కూర్చునేది మా బ్యాచ్‌వాళ్లే. ఓపీ చీటీ మీద నా పేరు చూస్తే సాయంత్రానికల్లా హాస్టలంతా తెలిసిపోతుంది. మెడికోలై ఉండి ఎందుకు చూపించుకోరని అడిగేవాళ్లు ముందు ఈ సంగతి ఆలోచించాలి.

ఒకరోజు మెడిసిన్ వార్డులో పేషెంట్ పొట్ట పరీక్ష చేసి స్ప్లీన్ (ప్లీహం) చేతికి తగులుతుందో లేదో చెప్పమన్నారు. చేతులు వణికాయి, నోట మాట రాలేదు. సార్ అందరి ముందూ "నీలాంటివాళ్ల వల్ల ఒక సీటు వేస్ట్" అన్నారు. బ్యాచ్‌లో ఎవరూ నోరు విప్పలేదు. మంచం మీదున్న పెద్దాయనే నా చెయ్యి పట్టుకుని మళ్లీ తన పొట్ట మీద పెట్టుకున్నాడు. "పర్లేదమ్మా, నిదానంగా చూడు" అన్నాడు. ఆయన రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలీదు.

ఆ రాత్రి "సీటు వేస్ట్" అన్న మాటే చెవుల్లో మోగుతూ ఉంది. నేను లేకపోతే అందరికీ మంచిదేమో అనిపించింది. ఆ ఆలోచన ఏడుపు లేకుండా, చాలా మామూలుగా వచ్చింది. అందుకే భయమేసింది. గదిలో ఒంటరిగా కూర్చోలేక కారిడార్లో వాటర్ కూలర్ పక్కన నేల మీద కూర్చుని 14416కి ఫోన్ చేశాను. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఫోనెత్తినావిడ కాసేపు విని, "చనిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని సూటిగా అడిగారు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదని మాకు క్లాసులో చెప్తారు. కానీ నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. అవునన్నాను. "ఫోన్ పెట్టకండి, పక్కన ఎవరున్నారో లేపండి" అన్నారు. పక్క గది తలుపు కొట్టాను. నా ఫ్రెండ్ కళ్లు నులుముకుంటూ వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది, తెల్లారేదాకా లేవలేదు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

తర్వాత వేరే ఊరి సైకియాట్రిస్టుకి వీడియోలో చూపించుకున్నాను. థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించమన్నారు, ఎందుకంటే అవి తగ్గినా ఇలాంటి నీరసమే ఉంటుంది. ఎసిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రాశారు. మొదటి వారం వికారం తప్ప ఏమీ లేదు, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టింది. ప్రతివారం కౌన్సెలింగ్ కూడా ఫోన్లోనే, హాస్టల్ టెర్రస్ మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. నెట్ పోయినప్పుడల్లా చిరాకొచ్చేది.

అమ్మ మాత్రం "ఎవరికీ చెప్పకు, రేపు సంబంధాలు రావు" అంది. చాలా కోపమొచ్చింది. అదే అమ్మ మందులేసుకున్నానా లేదా అని రోజూ రాత్రి ఫోన్ చేసేది, తిరుపతికి మొక్కుకుంది. కొండకి వెళ్లొచ్చాను. ఆ రెండు రోజులూ మాత్రలు బ్యాగులోనే ఉన్నాయి, ఒక్క పూట మానలేదు.

2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ ఆన్‌లైన్ సర్వేలో 27.8 శాతం ఎంబీబీఎస్ విద్యార్థులు తమకు మానసిక సమస్య ఉందని చెప్పారు. అంటే మా క్లాసులో నాలాంటివాళ్లు చాలామందే ఉండి ఉంటారు, ఒకరికొకరం తెలియకుండా. ప్రతి కాలేజీ బయటివాళ్లతో కౌన్సెలింగ్ పెట్టాలి, ఆ ఫైలు డిపార్ట్‌మెంట్ కంట పడకూడదు. జూనియర్లకు నేను చెప్పేది ఒక్కటే: 14416 నంబరు ఈ రోజే సేవ్ చేసుకోండి, రాత్రి పూట పక్క గది తలుపు కొట్టడానికి మొహమాటపడకండి. మాత్రలు బాగుందని మధ్యలో ఆపకండి, నేను కూడా డాక్టర్ చెప్పినట్టే మెల్లగా తగ్గిస్తున్నాను.

ఆ సార్‌ని మాత్రం ఇంకా క్షమించలేదు. క్షమించమని దయచేసి నాకు చెప్పకండి.